కళ్ళు తిరగడం గురించి నేను చెప్పిన పాఠం

ఒక్క సూది కూడా గుచ్చకుండా బడి బడినంతా పడగొట్టిన ఘనుణ్ణి నేను. నమ్మరు కదూ? వినండి.

బడుల్లో తట్టు, రుబెల్లా టీకాలు వేసిన ఏడాది, కళింగపట్నం దగ్గర సముద్రపు ఒడ్డు బడిలో నేను కొత్త సైన్సు మాస్టారిని. మాది ఆమదాలవలస వైపు వరి పండించుకునే కుటుంబం. సముద్రం సంగతి తెలియదు గానీ సైన్సు మాత్రం ఒంటినిండా ఉంది. టీకాకు ముందు పిల్లలకు అన్నీ వివరించాల్సిందేనని పట్టుబట్టాను.

"సెయ్యి కాస్త నొప్పెడతాదని సెప్పండి, సాలు మేస్టారూ" అంది టీకాలు వెయ్యడానికి వచ్చిన నర్సమ్మ.

నేను ఊరుకుంటానా? తట్టు ముదిరితే మెదడుకే వాపు రావచ్చని మొదలుపెట్టి, టీకా వల్ల వచ్చే జ్వరం, నొప్పి దాటి, ఎవరికో ఒకరికి కళ్ళు తిరగడం దాకా వచ్చాను. అక్కడ ఆపినా బాగుండేది. ఎలా తిరుగుతాయో నటించి మరీ చూపించాను.

ముందు వరసలో నూకాలు అనే పిల్ల నుదురు పట్టుకుంది. దాన్ని చూసి పక్కపిల్ల. చూస్తుండగానే వరండా నిండా పిల్లలు వాలిపోయారు. టీకా పెట్టె మూత ఇంకా తియ్యనే లేదు మహాప్రభో.

ఒడ్డున చేపలు ఎండబెడుతున్న తల్లులు పరుగున వచ్చి, పిల్లల్ని ఇళ్ళకు తీసుకుపోతామన్నారు. వీళ్ళిలా వెళ్ళిపోతే రేపు ఊళ్ళో ఒక్కరూ టీకాకు రారని నర్సమ్మ నా చెవిలో అంది. వెంటనే గేటుకు అడ్డంగా నిలబడి, టీకా పడందే ఒక్కర్నీ కదలనివ్వనన్నాను.

అంతలో పెద్దవల లాగుతున్నారని కేక వినిపించింది. వల లాగడానికి చెయ్యి వేసిన పిల్లలకు తలా నాలుగు చేపలివ్వడం అక్కడి ఆనవాయితీ. కళ్ళు తిరిగినవాళ్ళంతా లేచి, గేటునూ నన్నూ కలిపి తోసుకుని పరుగెత్తారు. నర్సమ్మా నేనూ పెట్టె మోసుకుంటూ, తల్లులతో పాటు ఇసుకలో వెంటపడ్డాం.

ఆ వల ఎర్రమ్మ అనే ముసలావిడది. సంగతేమిటని అడిగింది. నేను మళ్ళీ పాఠం ఎత్తుకోబోతే నర్సమ్మ నా చొక్కా లాగి, తనే రెండు ముక్కల్లో చెప్పింది.

"నా పెద్దపిల్లని తట్టే తీసుకుపోయినాది" అంది ఎర్రమ్మ. తర్వాత చేపల కుప్ప ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, అందరికీ వినబడేలా చెప్పింది. "సూది ఏయించుకున్నోళ్ళకే సేప. బొటనేలి మీద సిరా సూపించండి, అట్టుకెళ్ళండి."

సిరా అంటే టీకా పడ్డవాళ్ళ గోటికి నర్సమ్మ పెట్టే గుర్తు. ఎర్రమ్మ మాటకు తల్లులు ఎదురు చెప్పలేదు. వాళ్ళే పిల్లల్ని వరసలో నిలబెట్టారు. టీకా పడ్డవాళ్ళను నర్సమ్మ కాసేపు పడవ నీడన కూర్చోబెట్టింది. ఒక్కరికీ కళ్ళు తిరగలేదు.

సాయంత్రానికి బడిలో టీకా పడని పిల్ల లేదు. నా సంతోషం ఇంతా అంతా కాదు. వరస చివర నిలబడి నేనూ దర్జాగా చెయ్యి చాపాను. ఎర్రమ్మ నా బొటనవేలు తిప్పి తిప్పి చూసింది.

"సిరా ఏదీ మేస్టారూ?"

పెద్దవాళ్ళకు ఈ టీకా వెయ్యరని విన్నవించుకున్నాను.

"అయితే పెద్దోళ్ళకి సేపా లేదు."

ఆ పూట పప్పుచారు అన్నం ముందు కూర్చుని, కంచం మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాను. టీకా గురించి ఉన్నది ఉన్నట్టు చెబుతాను గానీ, ఈ జన్మలో నటించి మాత్రం చూపించను.