గగన్‌పహాడ్‌లో పెద్దమ్మ డ్యూటీ

పోయిన మంగళవారం పొద్దున ఎయిర్‌పోర్టులో మా స్వీపర్ల హాజరు రాసుకుంటుంటే గగన్‌పహాడ్ వృద్ధాశ్రమం నుంచి వార్డెన్ ఫోన్ చేసింది. "మీ పెద్దమ్మ పోయిందమ్మా" అంది. "ఎటు పోయింది? గేటు ఎవరు తీసిన్రు?" అని అడిగాను. "గేటు గాదమ్మా" అంది మెల్లగా. అప్పుడు గాని నాకు అర్థం కాలేదు. చాయ్ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, మంచం మీద ఒరిగిందట. మళ్లీ లేవలేదట.

మా అమ్మ చనిపోయేనాటికి నాకు ఆరేళ్లు. పెద్దమ్మే నన్ను పాల్మాకులలో తన ఇంటికి తీసుకుపోయింది. ఆమెకు పిల్లలు లేరు, పెదనాన్న అప్పటికే లేడు. పట్నంలో సర్కారు దవాఖానలో ఆయాగా ముప్పై ఏళ్లు పనిచేసింది. తెల్లచీర కట్టుకుని పొద్దున్నే బస్సెక్కేది. సాయంత్రం వచ్చాక మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని గాని నన్ను ముట్టుకునేది కాదు. "అన్నం పెట్టెటోళ్లు శానమంది దొరుకుతరు బిడ్డా, పక్క మార్చెటోళ్లే దొరకరు" అనేది. ఆ మాటకు అప్పుడు నాకు అర్థం తెలియదు.

విమానాశ్రయం వచ్చిన మూడో ఏట ఆమె మతి తప్పడం మొదలైంది. అప్పటికి ఆమె మా దగ్గరే, శంషాబాద్‌లో కిరాయికున్న రెండు గదుల్లో ఉంటోంది. ఉద్యోగం మాని పదేళ్లయినా తెల్లచీర కట్టుకుని డ్యూటీకని బయలుదేరేది. ఒకసారి పట్నం దారిలో ఆరాంఘర్ దగ్గర దొరికింది. మా ఆయన క్యాబు నడుపుతాడు, నాది షిఫ్టుల పని. ఒకరోజు గత్యంతరం లేక బయట తాళం వేసి పోయాం. తిరిగి వచ్చేసరికి తలుపు వెనకాలే కుర్చీ వేసుకుని, చెప్పులు తొడుక్కుని కూర్చుని ఉంది. ఆ మర్నాడే ఆశ్రమాలు వెతకడం మొదలుపెట్టాను. పెంచిన తల్లిని వదిలించుకుంటోందని ఊళ్లో అన్నారు. కాదని గట్టిగా చెప్పలేకపోయాను.

ఎక్కడికి పోయినా ఆమెను వెంట తీసుకుపోయాను. మొదట చూసింది అత్తాపూర్‌లో. లిఫ్టు, టీవీ, మెరిసే గచ్చు. "అమ్మగారికి ఇక్కడ ఏ లోటూ ఉండదండీ" అన్నాడు మేనేజరు. ఆయన మాట్లాడుతుండగానే పెద్దమ్మ ఒక మంచం దగ్గరికి వెళ్లి, పడుకున్న ముసలాయన కాళ్ల మీది దుప్పటి తీసి చూసింది. కిందికి దిగాక చెప్పింది: "మడిమలు నల్లబడ్డయి. పొద్దుగాల నుంచి ఎవ్వలు కదిలియ్యలే."

రెండోది పాల్మాకుల దారిలో, చెట్ల మధ్య. ఎంత నిమ్మళంగా ఉందో. నాకు నచ్చింది. "పొద్దుగాల పదకొండు గొట్టంగ అందరు పండుకున్నరంటే అది నిద్ర గాదు. ఏమో మింగిచ్చిన్రు" అంది పెద్దమ్మ.

మూడోది గగన్‌పహాడ్‌లో, గోదాముల వెనక రేకుల షెడ్డు. లారీల దుమ్ము. మేం లోపలికి పోయేసరికి ఇద్దరు ఆయాలు గట్టిగా అరుచుకుంటున్నారు. నేను వెనక్కి తిరిగాను. పెద్దమ్మ మాత్రం ఖాళీ మంచం మీద కూర్చుంది.

"నేనీడ్నే ఉంట."

"గీ లొల్లిలనా పెద్దమ్మా?"

"లొల్లి ఎందుకో ఇన్నవా? ముసలామెకు నీళ్లు పోసే వంతు ఎవరిదని. వంతు ఉన్నదంటే పని నడుస్తున్నట్టే."

ఇంత తెలివిగా చూసే మనిషికి మతి తప్పిందని ఎట్లా అనడం? ఇంటికి తీసుకుపోదామా అని ఊగిసలాడుతుంటే, ఆమె వార్డెన్ వైపు తిరిగి "ఆదివారం సెలవిస్తరా?" అని అడిగింది. వార్డెన్ నవ్వింది. పెద్దమ్మ నవ్వలేదు. పరాచికమాడిందో, ఉద్యోగంలో చేరుతున్నాననుకుందో నాకు ఈ రోజుకీ తెలియదు. కాగితం మీద సంతకం పెట్టింది నేనే.

రెండేళ్లు అక్కడే ఉంది. మంచాన పడ్డవాళ్లను అటు ఇటు తిప్పడం, దుప్పట్లు మడతపెట్టడం తనే చేసేది. "జీతం లేని పనిమనిషి దొరికింది వాళ్లకు" అన్నాడు మా ఆయన. వెళ్లి అడిగాను. "మేమేం చెప్పమమ్మా. వద్దంటె ఆ పూట అన్నం ముట్టది" అంది వార్డెన్. ఇద్దరి మాటా నిజమే అనిపించింది.

ఒక ఆదివారం "నన్ను తీస్కపో" అంది. ఆటో మాట్లాడుకొచ్చాను. సంచి పట్టుకుని గేటు దాకా వచ్చి ఆగిపోయింది. "ఆరో మంచం ఆమెను పక్కకు తిప్పాలె. రేపు రా" అని లోపలికి పోయింది. సెలవు పెట్టుకుని మర్నాడు పోతే "ఎవరు గావాలె?" అని అడిగింది. దారి పొడవునా నా మీద నాకే కోపం వచ్చింది. ఎందుకో చెప్పలేను.

ఆఖరుసారి చూసింది ఆమె పోవడానికి రెండు రోజుల ముందు, ఆదివారం. ముందరి మెట్ల మీద ఎండలో కూర్చుని ముసలమ్మల తలలు దువ్వుతోంది.

"పెద్దమ్మా, నేనొచ్చిన."

తలెత్తలేదు. "జర కూసో. నీకంటె ముందుగాల ముగ్గురున్నరు."

కూర్చున్నాను. ఒక్కొక్కరి తలా అయింది. తర్వాత నా జడ విప్పి, అరచేతిలో నూనె పోసుకుని మాడు మీద అద్దింది.

"నీకోసం ఎవరన్న వస్తరా?" అని అడిగింది.

"మా పెద్దమ్మ ఉన్నది."

"మంచిది. తల కదపకు."

కదపలేదు. ముందు రోడ్డు మీద లారీలు పోతున్నాయి. నున్నగా దువ్విన తలలతో ముగ్గురు ముసలమ్మలు వాటిని చూస్తూ వరసగా కూర్చున్నారు. వాళ్ల పక్కన నేను. నా వెనక ఆమె, దువ్వెనను నోట కరుచుకుని, రెండు చేతులతో నా జుట్టు మూడు పాయలు చేస్తూ.