పగడాలకు కొన్న ఫ్లడ్‌లైట్

పగడం అంటే మా ఆయనకు తెలిసింది ఒక్కటే, కుజదోషానికి ఉంగరంలో పొదిగించుకునే ఎర్రరాయి. అది ప్రాణమున్న జీవి అని, వెలుతురు సరిపోకపోతే చిక్కిపోతుందని చెబితే నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. జ్వరం లేదని తేలాక, "ఎవరంటగట్టిన్రు నీకిది?" అని అడిగాడు.

అంటగట్టింది విద్యానగర్‌లో ఉండే నా చిన్ననాటి స్నేహితురాలు. బ్యాంకులో పనిచేస్తుంది. సముద్రపు నీళ్ల అక్వేరియం అంటే దానికి పిచ్చి. పెద్ద తొట్టి కొనుక్కుని, పాత చిన్న తొట్టిని ఆటోలో పెట్టుకుని అశోక్‌నగర్‌లో మా ఇంటికి తెచ్చింది. తొట్టిలో రెండు రాళ్లు. ఒకదాని మీద పుట్టగొడుగుల్లాంటి పగడాలు. రెండోదాని మీద చొక్కా గుండీలంత ఆకుపచ్చ పువ్వులు, ఒక్కోదానికి చుట్టూ నారింజరంగు అంచు. అవి నీళ్లలో మెల్లగా ఊగుతుంటే నాకు మాట రాలేదు. నాకు మాట రాకపోవడం మా ఇంట్లో ఎప్పుడో గానీ జరగదు.

"ఇవి దొంగసరుకు గాదు గదనే?" అని అడిగాను, పేపర్లో ఏదో చదివిన గుర్తుకి.

"గట్టి పగడాలు సముద్రంల నుంచి తీసుడే నేరం. ఇవి మెత్తటియి, మా దోస్తులు ఇండ్లల్ల పెంచినయి. ముక్కకు ముక్క పంచుకుంటం" అంది. "లైటు మాత్రం ఇయ్య. అది నా పెద్ద తొట్టికి కావాలె. నువ్వే చూస్కో. ఇగో, ముందే చెప్తున్న. ఇవి వాడిపోతున్నయని తెలిస్తే నేనే వచ్చి తీస్కపోత. మొహమాటానికి పోయి ప్రాణమున్నదాన్ని చంపుకోను."

తీసుకుపోతా అన్న మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. మేం నడిపేది చిన్న ఆడపిల్లల హాస్టల్. కింద హాలు, వంటిల్లు, మా గది. పైన పిల్లల గదులు. అందరూ ఊళ్ల నుంచి వచ్చి గవర్నమెంటు ఉద్యోగాల పరీక్షలకు చదివేవాళ్లే. ఇన్నేళ్లుగా నేను చూసుకున్నవన్నీ బియ్యం, గ్యాసు, నీళ్ల మోటారు, ఇతరుల పిల్లల జ్వరాలు. కేవలం చూసి సంతోషపడడానికి అంటూ నాదైన వస్తువు ఆ ఇంట్లో అదే మొదటిది. దాన్ని పోగొట్టుకోకూడదని ఆ రోజే గట్టిగా అనుకున్నాను.

పగడాల కోసమే చేసిన విదేశీ లైటు ధర విని, ఆ డబ్బుతో హాస్టల్ మొత్తానికి గీజర్లు మార్చొచ్చన్నాడు మా ఆయన. అతను చెప్పింది నిజం కాబట్టి నాకు ఇంకా కోపం వచ్చింది. తక్కువలోనే తెచ్చి చూపిస్తానని చెప్పి నారాయణగూడ వెళ్లాను. మిద్దెతోటల వాళ్లకు సామాన్లు అమ్మే కొట్టులో మొక్కల లైటు అని ఒకటి ఉంది. మొక్కలకు మంచిదైతే పగడాలకు మాత్రం ఎందుకు కాదు అనుకుని కొనేశాను. సాయంత్రం వెలిగిస్తే హాలంతా గులాబీ రంగు. చారు కూడా గులాబీగానే కనిపించింది. అన్నం తింటున్న పిల్లలు ఒకళ్లనొకళ్లు చూసుకుని ఒకటే నవ్వు.

"ఇది హాస్టలా, బారా?" అన్నాడు మా ఆయన. "పిల్లల నాయనలు జూస్తే సామాన్లు సర్దుకొని తీస్కపోతరు."

కొద్దిరోజులకే అద్దానికి, రాళ్లకి పాకుడు పట్టింది. పగడాల కంటే అది బాగా బలిసింది. ఫోన్లో స్నేహితురాలు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. తిట్టడం అయ్యాక విషయం చెప్పింది. పగడం ఒంట్లో కంటికి ఆనని నాచు ఉంటుందట. అది వెలుతురుతో తన తిండి తాను వండుకుని, అందులో చాలా భాగం పగడానికి పెడుతుందట. దానికి కావలసింది తెల్లటి వెలుతురు, దాంట్లో కాస్త నీలం. ఎరుపు ఎక్కువైతే బాగుపడేది పాకుడే.

ఇది విన్నాక ఆ పగడాల మీద నాకు ప్రేమ పదింతలైంది. అంటే అదీ నాలాగే హాస్టల్ నడుపుతోందన్న మాట! కాకపోతే దాని హాస్టల్లో వండేది పిల్లలు, కూర్చుని తినేది ఓనరు. ఎంత సుఖం! మా పిల్లలకు ఈ సంగతి చెబితే, "మాకు వంట రాదు ఆంటీ, ఆశలు పెట్టుకోకున్రి" అన్నారు.

ఈసారి చిక్కడ్‌పల్లిలో కరెంటు సామాన్ల కొట్టుకి వెళ్లాను. తెల్ల ఫ్లడ్‌లైట్ ఒకటి, నీలం లైటు ఒకటి అడిగాను.

"ఏం ఫంక్షనక్కా? బారసాలనా?" అన్నాడు కొట్టతను.

"ఫంక్షన్ గాదన్నా. అక్వేరియంకి."

"చాపలకు గింత లైటెందుకక్కా? పెండ్లి జేస్తరా?"

చేపలు లేవు, పగడాలున్నాయి అని చెప్తే జాతకం దాకా పోతుందని, అవునన్నాను. గోడకు బిగించుకునే చిన్న తెల్ల ఫ్లడ్‌లైట్ ఇచ్చాడు, రాత్రిపూట పనిచేసేవాళ్లు వాడేది. దానికి తోడు పెళ్లిపందిళ్లకు కట్టే నీలం లైటు. రెండూ కలిపినా విదేశీ లైటు ధరలో ఏ మూలకూ రాలేదు. మా ఆయన ఎన్ని వెటకారాలాడినా పని దగ్గర శ్రద్ధగా ఉంటాడు. పాత కర్టెన్ రాడ్డు బిగించి రెండు లైట్లూ దానికి వేలాడదీశాడు. తీగ మీద నీళ్లు పడినా ప్లగ్గులోకి జారకుండా, తీగను ప్లగ్గు కంటే కిందికి వంచి కట్టాడు. స్విచ్ వేయగానే తొట్టి అడుగుదాకా తెల్లగా, కొంచెం నీలంగా వెలిగింది. నేను గుండీలని పిలుచుకునే ఆ పువ్వులు ఒక్కొక్కటే విచ్చుకుని నిండుగా తెరుచుకున్నాయి. నేను చప్పట్లు కొట్టాను, ఒక్కదాన్నే.

ఆ ఆనందం ఎక్కువకాలం నిలవలేదు. గుండీలు సగమే తెరుచుకోవడం మొదలుపెట్టాయి. పుట్టగొడుగులు ముడుచుకుని ఎండిన వక్కల్లా అయ్యాయి. రంగు పాలిపోయింది. వెలుతురు చాలడం లేదని తీర్మానించాను. ఇంకోలా అయ్యుండొచ్చని మా ఆయన ఏదో చెప్పబోతే వినలేదు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. కుర్చీ ఎక్కి లైటును కిందికి దించాను. పిల్లలు మాత్రం చాలా సంతోషించారు. "మంచి పని జేసిన్రు ఆంటీ. ఇప్పుడు మంచిగ కనవడుతుంది" అన్నారు. పగడాలు కనబడుతున్నాయని అంటున్నారనుకున్నాను.

దించాక గోరుచుట్టు మీద రోకటిపోటే అయింది. గుండీలు అసలు తెరుచుకోవడమే మానేశాయి. నాకు భయం పుట్టింది. వండుతున్నా, తింటున్నా ధ్యాసంతా వాటి మీదే. చివరికి స్నేహితురాలికి ఫోన్ చేసి, "తీస్కపోవే. నా చేతుల సచ్చిపోయేటట్టున్నయి" అన్నాను. ఆఫీసు ట్రైనింగని ఊళ్లో లేదట. ఆదివారం వచ్చి తీసుకుపోతానంది కానీ, తీరా ఆ ఆదివారానికి ట్రైనింగ్ పొడిగించారు. ఆ తర్వాత ఇంకో ఆదివారం. ఆమె రావడం వాయిదా పడ్డ ప్రతిసారీ నాకు భయమూ, సంతోషమూ రెండూ కలిగేవి.

ఆ రోజుల్లోనే ఒక ఉదయం, పాలు పొయ్యి మీద పెట్టి వచ్చి, ఎంత దించానో చూద్దామని లైటు మీద చెయ్యి వేశాను. చుర్రుమంది. దాన్ని నేను ముందు రోజు సాయంత్రమే ఆర్పేశాను. ఆ పొద్దున ఇంకా స్విచ్ వేయనేలేదు. అప్పుడు చూశాను, తొట్టి చుట్టూ కుర్చీలు అర్ధచంద్రాకారంగా ఉన్నాయి. ఒక కుర్చీ కింద పెన్ను మూత.

మా హాస్టల్లో ఒక రూలుంది, పెట్టింది నేనే. రాత్రి పదకొండుకి హాల్లో ట్యూబ్‌లైట్లన్నీ బంద్. పైన గదుల్లో పక్క మంచం పిల్ల నిద్రపోతుంటే లైటు వేయడానికి వీల్లేదు. మరి పరీక్ష తరుముకొస్తుంటే చదువుకునేదెక్కడ? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నాకు మాత్రం చెయ్యి కాలింది కాబట్టి దొరికారు.

ఉప్మా తింటున్నప్పుడు అడిగాను. ఒక్కసారిగా చెంచాల చప్పుడాగింది. పాలమూరు పక్క ఊరి నుంచి వచ్చిన ఒక సన్నటి పిల్ల తల వంచుకునే చెప్పింది. "మీరు ట్యూబ్‌లైట్లు బంద్ జేయమన్నరు ఆంటీ. అక్వేరియం లైటు బంద్ జేయాలని చెప్పలే. దానికి ఎక్కువ వెలుతురైతే మంచిదే అనుకున్నం. అది గూడ మాతోని సదువుతున్నట్టే ఉండె."

నోరు తెరిచాను, తిడదామనే. నవ్వొచ్చేసింది. కోచింగ్ సెంటర్లకు పేరుపడ్డ అశోక్‌నగర్‌లో ఎవరిని అడిగినా అంతే చెబుతారు కదా, ఎంత ఎక్కువసేపు లైటు వెలిగితే అంత మంచి ఫలితమని. పగడాల్లోని ఆ వంటవాళ్లకు పొద్దంతా నేను, రాత్రంతా వీళ్లు సెలవన్నదే లేకుండా చేశాం. పైగా నేను లైటు దించి, పెనం మీదున్నవాటిని పొయ్యిలోకి తోశాను.

"అయితే సచ్చిపోతయా ఆంటీ?" అని అడిగింది ఆ పిల్ల. కళ్లల్లో నీళ్లు నిండాయి. ఇంట్లోవాళ్లకు మాత్రం తాను ధైర్యంగానే ఉన్నానని చెప్పుకునే పిల్ల అది. దాని తల నిమిరి, "ఏం గావు. ముందుగాల నువ్వు ఉప్మా తిను" అన్నాను. నాకు మాత్రం ఏ నమ్మకమూ లేదు.

అదే రోజు రూలు తీసేశాను. హాల్లో ట్యూబ్‌లైట్లు ఎంతసేపైనా వేసుకోమన్నాను. కరెంటు బిల్లు చూసుకునే మా ఆయన ఒకసారి దగ్గాడు. చిక్కడ్‌పల్లి కొట్టుకు మళ్లీ వెళ్లి టైమర్ తెచ్చాను. పొద్దున తొమ్మిదికి వెలిగి సాయంత్రం ఐదుకి లైటు దానంతటదే ఆరిపోతుంది. ఫ్లడ్‌లైట్‌ను మొదటి ఎత్తుకు ఎక్కించాను. రాత్రిళ్లు ట్యూబ్‌లైట్ వెలుతురు సోకకుండా నా ముదురు నీలం చీర ఒకటి తొట్టికి కప్పాం. కప్పే పని పిల్లలు వంతులు వేసుకున్నారు. తొట్టి దగ్గరికి వస్తే పెద్దగా చదివేవాళ్లు కూడా గొంతు తగ్గించేవాళ్లు. పగడాలకు చెవులుండవని చెప్పినా వినేవాళ్లు కాదు.

స్నేహితురాలు వచ్చిన ఆదివారం పిల్లలెవరూ లైబ్రరీకి పోలేదు. ఒకళ్లు జుట్టారబెట్టుకుంటూ, ఒకళ్లు చిక్కుడుకాయలు ఒలుస్తామంటూ, అందరూ హాల్లోనే ఉన్నారు. ఆమె చేతిలో మూత ఉన్న ప్లాస్టిక్ బకెట్. ఆ వారమంతా గుండీలు కొద్దికొద్దిగా తెరుచుకుంటూనే ఉన్నాయి. కానీ అవి బాగుపడ్డాయో, నాకలా అనిపిస్తోందో తేల్చుకోలేకపోయాను. ప్రేమించినవాళ్ల కంటికి తేడా కనబడదు.

ఆమె వస్తూనే తొట్టి ముందు వంగింది. చాలాసేపు చూసింది. తొట్టి చుట్టూ తిరిగి, అద్దానికి ముక్కు ఆనించి మరీ చూసింది.

"ఇది లేకుండెనే ఇదివరకు" అంది.

రాతి మొదట్లో మెంతిగింజంత పిల్ల గుండీ ఒకటి, నారింజ అంచుతో సహా తెరుచుకుని ఉంది. అంత దగ్గర్లో ఉండి నేనే చూడలేదు.

"ఏం లైటే నీది?"

"చిక్కడ్‌పల్లిల కొన్న. గోడకు పెట్టే ఫ్లడ్‌లైటు."

ఆమె లైటు వంక చూసింది, కర్టెన్ రాడ్డు వంక చూసింది, నా వంక చూసింది. తర్వాత బకెట్ మూత తీసి పక్కన పెట్టింది. ఆమె బకెట్‌ను బోర్లించి, దాని మీద కూర్చుని, మళ్లీ తొట్టి వంక తిరిగింది.

"చాయ్ వెట్టు" అంది. "ఇగ ఇవి నీయే."

నేను ఏదో అనేలోపే వెనక నుంచి చప్పుడు మొదలైంది. మా హాస్టల్లో ఎవరికైనా ఉద్యోగం వస్తే మిగతా పిల్లలంతా స్టీలు పళ్లేల మీద చెంచాలతో వాయించడం ఆనవాయితీ. ఎన్నో ఏళ్లుగా ఆ చప్పుడు వంటింట్లోంచి వింటున్నాను. చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, ఎవరికొచ్చిందని అడిగేది నేనే. ఆ రోజు ఎవరికని అడగబోయి, వాళ్లంతా నా వంకే చూస్తున్నారని గమనించాను.