క్రిస్మస్ నాటి కాపలా

ఖతార్‌లో క్రిస్మస్‌కు సెలవుండదు. ఆ ఏడు పండగ సాయంత్రం ఇండస్ట్రియల్ ఏరియాలోని మా గోడౌన్ గేటు కాపలా నామీద పడింది. గోదావరి క్రైస్తవుణ్ణి, కడుపు మండింది. అప్పుడే డ్యూటీ దిగిన నిజామాబాద్ అన్న ముందు వెళ్ళగక్కాను.

"పూర్వం గ్రీకుల స్వాతంత్ర్య యుద్ధంలో టర్కీ సైన్యం ఒక ఊరిని ముట్టడించిందన్నా. క్రిస్మస్ కదా, అందరూ చర్చిలో ఉంటారని గోడలెక్కారు. ఊరివాళ్ళకి ముందే తెలిసి, ప్రార్థన మానుకుని గోడ మీదే కాచుకున్నారు. ముట్టడి విఫలమైంది. వాళ్ళకి పండగ మాత్రం లేకుండా పోయింది, నాలాగే."

అన్న టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఆ ఊర్ల అందరు కిరస్తానోళ్ళేనా?"

"అందరూ."

"గదే వాళ్ళ కష్టం. నా అసొంటోడు ఒక్కడున్నా గోడ కాడ నిలబడుతుండె." నా చేతిలోని తాళాలు తీసుకున్నాడు. "చర్చికి పో. దసరాకు నువ్వు నిలబడు."