పెదనాన్న తాగని గిన్నె

మా పెదనాన్న గుంటూరు మిరపకాయల లారీలు తోలి తోలి మానుకున్న మనిషి. పెద్దమ్మ పోయాక మా ఇంట్లోనే ఉండేవాడు. ఎనభైల చివర్లో మద్రాసులో ఆపరేషనుకని రక్తం పరీక్ష చేస్తే ఎయిడ్స్ జబ్బు తాలూకు పురుగు ఉందన్నారు. అప్పటికి అది మాకు పేపర్లో చదివిన జబ్బు. ఇంగ్లీషు తెలిసినవాణ్ణని వెంట నన్ను తీసుకెళ్లాడు. ఇంగ్లీషు నాకు వచ్చు, పిలిచినప్పుడే రాదు. అయినా డాక్టరు మాట ఒకటి గట్టిగా అర్థమైంది: తాకితే, ఒకే గ్లాసులో తాగితే రాదు.

పెదనాన్న నమ్మలేదు. ఎవరికీ చెప్పొద్దని నాచేత ఒట్టేయించుకుని, కంచం, గ్లాసు, తువ్వాలు వేరు చేసుకున్నాడు. "ముసలితనంలో మడి పట్టుకుందిరా మీ పెదనాన్నకి" అని నాన్న నవ్వేవాడు.

చిక్కు చర్చిలో వచ్చింది. ప్రభు భోజన సంస్కారం రోజున మా ఊళ్లో అందరికీ ఒకటే వెండి గిన్నె. వరసగా మోకరించి అందులోని ద్రాక్షరసం తాగాలి. తాగకుండా కూర్చున్నాడంటే ఎవరిమీదో పగ ఉన్నట్టే లెక్క. పెదనాన్న బెంచీ మీదే ఉండిపోయాడు. పై నెలా అంతే.

"గిన్నెలోంచి రాదని డాక్టరు చెప్పాడుగా పెదనాన్నా!"

"ఏరా, ఆ డాక్టరు నా తర్వాత తాగుతాడా?"

 ఆయన తాగకపోవడానికి ఊరు తనే ఓ కారణం కనిపెట్టింది: చేలగట్టు కాడ అన్నదమ్ములకి చెడింది.

ఆ తర్వాతి సంస్కారంలో నాన్న అందరి ముందూ ఆయన చేతులు పట్టుకున్నాడు. "నేనేం చేశానో నాకు తెలీదన్నయ్యా. ఏం చేసినా క్షమించి, రా."

లేవకపోతే తమ్ముడు దోషి. లేచాడు. ఇద్దరూ పక్కపక్కన మోకరించారు. పాస్టరుగారు గిన్నె అందిస్తే పెదనాన్న పెదవులు బిగించి మీసం మాత్రం తడిపాడు. అది నాన్న వైపు తిరిగేలోగా లాక్కుని, కండువాతో అంచు అరిగేలా తుడిచాడు.

"తమ్ముడంటే ఎంత ప్రాణమో చూడండమ్మా!" అంది వెనకాల ఒకామె.

నాన్న తాగాడు. వాళ్ల వెనక నేనూ తాగాను.

కల్లాల్లో కాయలు ఎండబోసే రోజులవి. ఆ ఘాటుకి ఊరంతా దగ్గుతుంది. నాన్న దగ్గినప్పుడల్లా పెదనాన్న ముఖం పాలిపోయేది.

"ఘాటు పెదనాన్నా. నేనూ దగ్గుతున్నాగా!"

"నువ్వూ తాగావుగా" అనేవాడు.

కాయలు యార్డుకి వెళ్లాయి, దగ్గులు తగ్గాయి. ఆయన భయం తగ్గలేదు. మరుసటి పంట ఆయన చూడలేదు. ఆఖర్న నోరెండిపోతుంటే నాన్న తను తాగుతున్న గ్లాసే ఆయన నోటి దగ్గర పెట్టాడు. పెదనాన్న పెదవులు బిగించుకున్నాడు.

"నీళ్లు కూడా మింగుడుపడటం లేదురా" అన్నాడు నాన్న, నా వైపు చూసి.