టీచరమ్మ కూర్చున్న చాప

గ్రౌండుకు ఆడపిల్లలను పంపే తల్లులారా, అందరూ బాగున్నారా? ఖోఖో ఆడే పాపకు మడమ వాపు తగ్గిందా? మొన్న కళ్లు తిరిగి పడిన పాప అన్నం సరిగ్గా తింటున్నదా? ఇంట్లో పెద్దవాళ్ల మోకాళ్లు ఎట్లా ఉన్నాయి? ఇట్లా వరసగా అందరినీ అడిగేది మన డ్రిల్లు టీచరమ్మ. ఆమె గురువారం తెల్లవారుజామున ఆసుపత్రిలో పోయింది. కడుపులో గడ్డ అన్నారు. వినగానే నాకు ఏడుపు రాలేదు. మా మనవరాలికి ఎట్లా చెప్పాలా అనే భయమే ముందు వచ్చింది.

నాకు చదువు తక్కువ. కూడబలుక్కుని రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి. మా మనవరాలు పదో తరగతి, పరుగు పందేలకు పోతుంది. కల్లూరులో మా ఇంట్లో నెలనెలా బయట చేరినప్పుడు దానికి వరండాలో వేరే చాప. దాని మీద కడుపు పట్టుకుని ముడుచుకుని పడుకునేది. వాంతులు కూడా. పరుగు మానిపిస్తేనే తగ్గుతుందని ఇంట్లో అందరం అనుకునేవాళ్లము. ఒకసారి అట్లా పాప బడికి రాలేదని టీచరమ్మ మా ఇంటి ముందు ఆటో దిగింది.

“ఏం పెద్దమ్మా, పాపను యాడ దాచినావు?”

“బయట చేరిండాది తల్లీ. ఆ చాప ముట్టుకోవద్దు, నీకు కుర్చీ వేస్తా.”

“కుర్చీలో కూచ్చుంటే దాని కాళ్లు నాకెట్ల అందుతాయి?” అని ఆ చాప మీదనే కూర్చుంది.

పక్కింటివాళ్లు చూస్తారేమోనని నాకు ఒకటే దడ. ఆమె పాప మోకాళ్లు కడుపు దగ్గరికి ముడవమని, ఊపిరి మెల్లగా వదలమంది. తర్వాత పిడికిలి గట్టిగా బిగించమంది. “ఇంకా బిగించు. ఆ... ఇప్పుడు వదిలెయ్.” పిడికిళ్లు, భుజాలు, దవడ, కాలి వేళ్లు, ఒక్కొక్కటే బిగించి వదిలించింది.

“ఇదేం వైద్యం తల్లీ, మందూ మాకూ లేకుండా?”

“మాత్ర కూడా వేసుకుంటాదిలే. నొప్పొస్తాదని భయపడి ఒళ్లంతా బిగబట్టుకుంటాది, దాంతో ఇంకా ఎక్కువైతాది. నువ్వూ అంతే పెద్దమ్మా. రా, ఈడ కూచ్చో.”

“నేనా? ఆ చాప మీదనా?”

“నీ మొగం జూసే పాప సగం బిగుసుకుపోతాండాది.”

నేను కూర్చోలేదు. గడప లోపల నిలబడి, ఎవరూ చూడకుండా ఒకసారి పిడికిలి బిగించి వదిలాను. ఆమె చూడనే చూసింది. నవ్వింది.

ఆ తర్వాత నొప్పి పూర్తిగా పోలేదు గాని, పాప ఓర్చుకోగలిగింది. ఆ రోజుల్లోనూ టీచరమ్మ దాన్ని మెల్లగా నడిపించేది. ఖాళీ కడుపుతో ఏ పిల్లనూ పరుగెత్తనిచ్చేది కాదు, సంచిలో ఉడికించిన శనక్కాయలు తెచ్చేది. “నొప్పి దాచిపెట్టుకునే పిల్ల నాకొద్దు” అనేది.

పోయిన నెల పాపకు మళ్లీ ఎక్కువైంది. “చాప మీద చేసేది చాల్లే అనుకోవద్దు పెద్దమ్మా. లేడీ డాక్టరమ్మకు చూపించాల. నేనూ తోడొస్తా” అని తనే మాట్లాడి, ఈ వచ్చే సోమవారానికి టైము తీసుకుంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గోడకు ఆనుకుని, కడుపు మీద చేయి పెట్టుకుని ఉంది. ఎన్నాళ్లుగా ఓర్చుకుందో. పిల్లలకు నొప్పి దాచవద్దన్న మనిషి తన నొప్పి ఎవరికీ చెప్పలేదు. ఆమె మీద నాకు కోపం వస్తుంది. కోపం పోగానే ఏడుపు వస్తుంది.

“టీచరమ్మకే తగ్గించలేకపోయిరి, నాకేం తగ్గిస్తారు? నేను డాక్టరు దగ్గరికి రాను” అన్నది మా మనవరాలు, ఆమె పోయిన సంగతి చెప్పగానే.

చర్చి సమాధుల తోటలో ఆమెను పూడ్చేటప్పుడు అందరూ పెట్టె మీద గుప్పెడు మన్ను వేశారు. మా మనవరాలు మన్ను తీసుకుంది, వేయలేకపోయింది. ఆ పిడికిలితోనే ఆటో ఎక్కింది. ఇంటికి రాగానే, ఆ రోజులు కాకపోయినా, ఆ చాప పరుచుకుని ముడుచుకుంది. నేను పోయి దాని పక్కన, ఆ చాప మీదనే కూర్చున్నాను.

“మెల్లగా వదులు తల్లీ.”

చాలాసేపటికి వేళ్లు తెరుచుకున్నాయి. మన్ను చాప మీద రాలింది.

“జేజీ, నాకూ గడ్డ ఉంటే?”

నా భయమూ అదే. “చూపిద్దాం. నేనూ లోపలికి వస్తా” అన్నాను. అది తల ఊపింది.

ఆ మన్ను ఇంకా ఊడ్వలేదు. చాప వరండాలో పరిచినట్టే ఉంది, దాని మీద మన్ను, ఆ మన్నులో పాప చెయ్యి ఆనిన ఐదు వేళ్ల గుర్తులు. టీచరమ్మ చెప్పిన సోమవారం పొద్దున్నే పోతున్నాము.