సముద్రంలో కలిసిపోయిన చీర

2002 శ్రావణమాసం రెండో శుక్రవారం, ఉదయం పదకొండు గంటలు. ఆకుపచ్చ తెర ముందు నిలబడితే టీవీలో వెనక సముద్రం ఉన్నట్టు చూపిస్తారని విని, నా భార్య రత్నమ్మను మదనపల్లెలోని ఒక వీడియో స్టూడియోకు తీసుకుపోయాను. ఆమె సముద్రం ఎన్నడూ చూడలేదు. పుంగనూరు పుట్టింటివాళ్లు పెట్టిన ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుంది.

స్టూడియో నడిపే బాషా చూడగానే చెప్పాడు. “పెద్దాయనా, అమ్మను వేరే చీర కట్టుకోమనప్పా. ఈ మిక్సరు మిషను ఆకుపచ్చ యాడుంటే ఆడ సముద్రం ఏస్తాది.”

అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. ఎవరేం చెప్పినా ఆట పట్టిస్తున్నారనే అనుకునేవాణ్ణి. “సదువు లేనోడని ఎగతాళి సేస్తాండావా? మీట తిప్పప్పా, అదే వస్తాది!” అని గద్దించాను.

తిప్పాడు. ఒక పక్కకు తిప్పితే చీర కనిపించింది, సముద్రం పోయింది. ఇంకో పక్కకు తిప్పితే అలల మీద రత్నమ్మ తల, చేతులు మాత్రమే తేలాయి. వెంట వచ్చిన చుట్టాలతో సహా అందరూ నవ్వారు.

“ఏమ్మే, ఒళ్లు యాడ పెట్టొచ్చినావు?” అన్నాను.

ఆమె సిగ్గుతో కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. టీవీలో మొహం కూడా పోయింది. నవ్వులు ఇంకా పెరిగాయి.

ఆ తరువాత ఆమె ఏ కెమెరా ముందూ నిలబడలేదు. కుప్పంలో మా చిన్నోడి పెళ్లిలోనూ వంటల దగ్గరే ఉండిపోయింది. పోయిన ఏడు చనిపోయింది. దండ వేద్దామంటే అంతకుముందెప్పుడో తీసిన ఓటరు కార్డులోని మసక బొమ్మ తప్ప ఇంకోటి లేదు. అరవై దాటాక నేర్చుకున్న అక్షరాలతో ఇది రాస్తున్నాను. తప్పు మిషనుది కాదు, నాది.

ఆ రోజు అక్కడ ఉన్నది రత్నమ్మ, బాషా, చౌడేపల్లె నుంచి వచ్చిన మా బావమరిది గంగులప్ప, అతని భార్య సుశీల, అందరికంటే గట్టిగా నవ్విన నేను.