దయ్యం సినిమా బాగుందన్న ఆరుగురు

ఆ రోజుల్లో సినిమా ఎలా ఉందో జనాన్ని ఎవరో ఒకరు వెళ్ళి అడగవలసి వచ్చేది. ఆ రోజులంటే మరీ పాతవేమీ కావు, నా మీసాలు ఇంకా నల్లగా ఉన్నప్పటివి, అంతే. ఇప్పుడు కోవిల్‌పట్టిలో ఏ థియేటర్ గేటు దగ్గర నిలబడినా, బయటికొచ్చే ప్రతివాడూ బండి తాళం తీసేలోపే ఫోన్లో తీర్పు చెప్పేస్తున్నాడు. దయ్యం సినిమాకైతే “మొదటి సగం పరవాలేదు, రెండో సగం సాగింది” అంటాడు. పాటలూ ఫైట్లూ లేని చిన్న సినిమాకైతే “అందరికీ నచ్చదు” అంటాడు, ఆ అందరిలో తాను లేనట్టు. వాళ్ళను చూస్తే నాకు కాస్త ఈర్ష్య, కాస్త నవ్వు. అలాంటి తీర్పుల్ని నోటుపుస్తకంలో రాసుకొచ్చే ఉద్యోగం ఒకప్పుడు నాది. ఒక దయ్యం సినిమా వల్ల అది చేతిదాకా వచ్చి జారిపోబోయింది.

విరుదునగర్‌లో ఒక తమిళ దినపత్రిక ఆఫీసులో శిక్షణ విలేకరిగా చేరి అప్పటికి ఆరు నెలలు కావస్తోంది. (మేము ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఈ తెలుగు అక్షరాలు నేను చాలా తర్వాత సొంతంగా నేర్చుకున్నవి, తప్పులుంటే మన్నించాలి.) ఆరు నెలలయ్యాక చేతికి ఒక ఉత్తరం ఇస్తారు. వస్తే ఉద్యోగం, రాకపోతే ఇంటిదారి. మా ఇల్లు విరుదునగర్‌కు ముప్పావు గంట బస్సు దూరంలో, కరెంటు మగ్గాల వీధిలో. మా నాన్నకు నాలుగు మగ్గాలు. మూడింటికి మనుషులున్నారు, నాలుగోదాన్ని ఎవరికీ అప్పజెప్పకుండా నాకోసం ఉంచాడు. “ఉత్తరం రాలేదా, పోనీలేరా, మగ్గం యాడికి పోతాది?” అనేవాడు ప్రతి ఆదివారం. ఆయన ఓదార్పుగానే అనేవాడు, నాకు మాత్రం బెదిరింపులా వినిపించేది. మగ్గమంటే నాకు చిన్నచూపు లేదు, మగ్గానికే నేనంటే ఉండేది. తెగిన నూలు పోగుకు నేను ముడి వేసేలోపు మా నాన్న టీ తాగి, గ్లాసు కడిగి, నన్ను తిట్టడం కూడా పూర్తిచేసేవాడు.

ఆఫీసులో పెద్దాయన్ని మేమందరం ఆయన వెనకాల కత్తెర సార్ అనేవాళ్ళం. ఎంత రాసుకెళ్ళినా సగానికి కోసేవాడు. శనివారం పేజీలో ఆయన మొదలుపెట్టిన శీర్షిక ఒకటుండేది: ఆరుగురు మామూలు ప్రేక్షకుల అభిప్రాయాలు, ఫోటోతో, ఊరి పేరుతో. “విమర్శలు రాయడానికి చెన్నైలో మేధావులున్నారు తంబీ, మనకు టికెట్టు కొన్నవాడి మాట కావాలి” అనేవాడు. ఆరుగురి ఫోన్ నంబర్లూ తీసుకోవాలి. అందులో ఒకదానికి ఆయనే స్వయంగా ఫోన్ చేసి సరిచూసుకుంటాడు. ఏ నంబరుకు చేస్తాడో ఎవరికీ తెలీదు.

ఆ వారం కోవిల్‌పట్టిలో రెండు తెరలున్న ఒక థియేటర్లో ఉదయం దయ్యం సినిమా, మధ్యాహ్నం ఆ చుట్టుపక్కల నల్లరేగడి పొలాల్లోనే తీసిన ఒక చిన్న సినిమా నడుస్తున్నాయి. కత్తెర సార్ నన్ను పిలిచి, “రెండూ చూడు. ఆ ఆరుగురే రెండింటి గురించీ మాట్లాడాలి. ఇది సరిగ్గా వస్తే శుక్రవారం సాయంత్రం నీ ఉత్తరం మీద సంతకం పెడతాను” అన్నాడు. నాకు రెండు చిక్కులు. ఒకేరోజు రెండు సినిమాలు చూసే ఆరుగురు ఎక్కడ దొరుకుతారన్నది మొదటిది. నాకు దయ్యాలంటే భయం అన్నది రెండోది. (పగలు కూడా.)

మొదటి చిక్కును కరెంటు వాళ్ళు తీర్చారు. నెలకో రోజు మా వైపు తీగలు బాగుచేసుకోవడానికి పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా కరెంటు ఆపుతారు. షట్‌డౌన్ అంటాం. ఆ లోటు పూడ్చుకోవడానికి ముందురోజు రాత్రంతా మగ్గాలు ఆపకుండా నేసి, షట్‌డౌన్ రోజున వీధి వీధంతా సినిమాకు పోవడం మా ఆచారం. అందులోనూ దయ్యం సినిమాలంటే మావాళ్ళకు ప్రాణం. ఎందుకంత ప్రాణమో నేనెప్పుడూ ఆలోచించలేదు. ఆ గురువారమే షట్‌డౌన్ అని తెలిసి, మా వీధిని నడిపించే పెద్దమ్మకు ఫోన్ చేశాను.

“పడం దయ్యందా? సద్దు బాగుంటాదా?” అని అడిగింది పెద్దమ్మ. మా ఇళ్ళలో సినిమాను పడం అనే అంటాం.

“గోడలు అదురుతాయంట పెద్దమ్మా.”

“అట్లయితే వస్తాము. రెండోది?”

“అది కోవిల్‌పట్టి పక్కనే తీసినారు. పాటలు లేవు, ఫైట్లు లేవు.”

“ఏమీ లేకుంటే దేనికిరా తీసినారు?”

“పేపర్లో నీ ఫోటో వస్తాది.”

“ఏ చీర కట్టుకునేది?” అంది.

గురువారం పొద్దున వ్యానులో అందరూ దిగారు. పెద్దమ్మ, పెదనాన్న, మా వీధిలో అన్నిటికీ ముందుండి మాట్లాడే బావ, ఇంకో ముగ్గురు. నేను ఈ పడం ముందే చూసేశానని ఒక అబద్ధం ఆడి, వాళ్ళను లోపలికి పంపి, రోడ్డవతల వేరుశనగ మిఠాయి కొట్టు దగ్గర కూర్చున్నాను. గోడ దాటి అరుపులు వస్తూనే ఉన్నాయి. నేను ప్రతి అరుపుకీ ఉలిక్కిపడుతుంటే కొట్టాయన జాలిపడి, “వారంగా వింటున్నా తంబీ. ఇంకో మూడు అరుపులకు ఇంటర్వెల్, అంతదాకా మిఠాయి తిను” అన్నాడు. తిన్నాను. మూడో అరుపుకు ఇంటర్వెల్ వచ్చింది కానీ మావాళ్ళు ఒక్కరూ బయటికి రాలేదు. ఎంత లీనమైపోయారో అనుకున్నాను.

చివరికి వచ్చారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, జుట్టు రేగిపోయింది, పెదనాన్న తువ్వాలుతో మూతి తుడుచుకుంటున్నాడు. పాపం ఎంత భయపడ్డారో అనిపించింది. నోటుపుస్తకం తెరిచాను.

“సూపర్ పడం. ఒళ్ళంతా తేలికైపోయె” అన్నాడు బావ.

“ఇట్లాంటి పడం వచ్చి శానా దినాలాయె. ఎప్పుడు మొదలాయెనో ఎప్పుడు ముగిసెనో తెలియనే లే” అంది పెద్దమ్మ.

“బయం వేసిందా?”

“ఏమి బయం? నిమ్మళంగా ఉండె.”

“కత ఏమి పెద్దమ్మా?”

ఆమె బావ వైపు చూసింది. బావ వెంటనే అందుకున్నాడు. “కత మేము చెప్పేస్తే చూసేటోళ్ళకి ఏమి మిగిలేది? ఏమి రిపోర్టరువిరా నువ్వు!” మిగతావాళ్ళు తలలూపారు. సినిమా గుట్టు విప్పకూడదన్న ఈ సంస్కారం చెన్నై మేధావులకైనా ఉందా అని మురిసిపోయి, ఫోటోలు తీసుకున్నాను.

పెద్దమ్మ కట్టి తెచ్చిన పులిసోరు, అదే పులిహోర, తిని మధ్యాహ్నం అందరం రెండో తెరకు వెళ్ళాం. దయ్యాలు లేవు కాబట్టి ఈసారి నేనూ ధైర్యంగా కూర్చున్నాను. ఒక ముసలి రైతు, తప్పిపోయిన ఎద్దు, ఎదురుగా నల్లటి నేల, గాలి. సంగీతం లేదు. పొద్దుట్నుంచి ఉలిక్కిపడి అలిసిన వాణ్ణి, ఆ గాలికి కళ్ళు మూతలు పడ్డాయి. పెద్దమ్మ భుజం పట్టి కుదిపేసరికి తెర మీద పేర్లు వస్తున్నాయి.

బయటికొచ్చాక అందరికీ ఒకటే కోపం. “ఇదేమి పడంరా? ఒక్క నిమిషం కండ్లు మూయనీలే” అని పెద్దమ్మ. “గాలి సద్దు, లేకుంటే ఆ ముసలాయన ఊపిరి సద్దు. మనిషి ఎట్లా కూచునేది?” అని బావ. పెదనాన్న తల పట్టుకుని వ్యాను మెట్టు మీద కూలబడ్డాడు. రాసుకున్నాను: చిన్న సినిమా ఓపికకు పరీక్ష, నచ్చలేదు, ఆరుగురూ ఒకే మాట. నాకు నచ్చిందా లేదా అని చెప్పడానికి నా దగ్గర పది నిమిషాల సినిమాయే ఉంది.

విరుదునగర్ వచ్చేదాకా వ్యానులో అరుచుకుంటూనే ఉన్నారు. ఎద్దును అల్లుడే అమ్మేశాడని బావ, కాదు అదే కొండవైపు పోయిందని పెదనాన్న. నచ్చని సినిమా గురించి ఇంత గొడవేమిటో అనుకుంటూ నేను ఫోటోలు చూసుకుంటున్నాను. మధ్యలో పెద్దమ్మ నావైపు తిరిగి, “అది సరే, అంత సద్దు లేని తావులో నీకు నిదర ఎట్లారా పట్టె? నువ్వు మా వీది బిడ్డవేనా?” అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మాటలో నా మొత్తం రిపోర్టు ఉందని నాకు తట్టలేదు.

శుక్రవారం మధ్యాహ్నం కాగితాలు కత్తెర సార్ బల్ల మీద పెట్టాను. చదివాడు. తర్వాత ఫోటోలు చూశాడు, అద్దాలు తీసి తుడిచి మళ్ళీ చూశాడు. “ఈమె చెంప మీద ఈ గీతలేమిటి?” పెద్దమ్మ ఎడమ చెంప మీద సీటు గుడ్డ నేత అచ్చు గుద్దినట్టు పడి ఉంది. నేత పనివాడి కొడుకును, గుడ్డను గుర్తుపట్టాను గాని అక్కడెందుకుందో గుర్తుపట్టలేకపోయాను. ఆయన ఆమె నంబరు చూసి ఫోన్ కలిపాడు, స్పీకరు నొక్కాడు. (మాట్లాడుకున్నది తమిళంలో. మా ఇంటి మాటలోకి మార్చి రాస్తున్నాను.)

“అమ్మా, పేపరు ఆఫీసు నుంచి. నిన్న పొద్దున మీరు చూసిన సినిమాలో దయ్యం ఆడదా, మగదా?”

అవతల ఫోన్‌కు కాస్త దూరంగా, “ఏమయ్యా, దయ్యం ఆడదా మొగదా?” అన్న గుసగుస. ఆ వెంటనే పెదనాన్న గొంతు, గుసగుస కానేకాదు: “నన్నడిగితే? నీకన్న ముందు పండుకున్నోణ్ణి నేను!”

పెద్దమ్మ చెంప మీది సీటు గుడ్డ అచ్చును మళ్ళీ చూశాను.

పెద్దమ్మ దాచలేదు. “రాత్రంతా నేసిన ఒళ్ళు సార్. కరెంటు లేని దినం ఇంట్లో సద్దే ఉండదు. సద్దు లేకుంటే మాకు నిదర యాడ వస్తాది? మగ్గం ఆగితే ఉయ్యాల్లో బిడ్డ లేచి ఏడుస్తాది. అందుకే సద్దుండే పడానికి పోయేది. దయ్యం పడమైతే ఇంకా మేలు, ఆగకుండా అరుస్తాది, చల్లగా ఏసీ ఉంటాది. పొద్దున పడం రొంబ బాగుండె సార్, అబద్దం చెప్పలే.”

పుట్టి పెరిగిన వీధి. మగ్గాల మోతలో నిద్రపోయిన బాల్యం. విరుదునగర్‌లో గది తీసుకున్న కొత్తలో ఆ నిశ్శబ్దానికి తట్టుకోలేక ఫ్యాను కింద రేకు ముక్క కట్టుకుని పడుకున్నవాణ్ణి. ఆరు నెలల్లో అన్నీ మరిచిపోయి, నిద్రను భయం అని రాసుకొచ్చాను. నాలుగో మగ్గం నన్ను పిలుస్తున్నట్టే అనిపించింది.

“మరి మధ్యాహ్నం సినిమా?” అన్నాడు కత్తెర సార్.

“దాని మాట ఎత్తొద్దు సార్! నిదరకని పోతే పండుకోనీలే. ఎద్దు పోయినాక కూడా ఆ ముసలాయన దినమూ తొట్టిలో నీళ్ళు పోస్తాడు. పెండ్లాం చూస్తాది, వద్దు అనదు. ఒకదినం ఆయన లేవలేక పడుకుంటే ఆమే పోయి నీళ్ళు పోస్తాది. తాగను ఎద్దే లేదే, ఆమె ఎందుకు పోసింది సార్? రాత్రి మగ్గం కాడ కూడా అదే తలంపు. మీరు సదువుకున్నోళ్ళు, చెప్పండి.”

ఎవరు ఎంత చెప్పినా మధ్యలో కోసేసే మనిషి ఒక్క మాట అడ్డుపడకుండా విన్నాడు. “నేను చూడలేదమ్మా” అన్నాడు చివరికి.

“చూడండి సార్. ఏ పాపం చేసినా నిదరకని మాత్రం పోవద్దు.”

ఫోన్ పెట్టేసి నావైపు తిరిగాడు. “నువ్వు చూశావా?” చెప్పేశాను, మిఠాయి కొట్టు సంగతీ, గాలికి నిద్రపోయిన సంగతీ. ఆయన వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. “అంటే దయ్యం సినిమాను మెచ్చుకున్న ఆరుగురిలో దాన్ని చూసినవాళ్ళు లేరు. తిట్టిన సినిమాను ఆరుగురూ రెప్ప వెయ్యకుండా చూశారు. రెండింటి గురించీ రాసినవాడు ఏదీ చూడలేదు. ఇంత చెత్త రిపోర్టు నా సర్వీసులో చూడలేదు.” లేచి వెళ్ళిపొమ్మంటాడని నేను కుర్చీ వెనక్కి జరిపాను. “కూర్చో. ఇంతకంటే మంచి వార్త కూడా ఈ ఏడాది చూడలేదు. పేజీ మూసేందుకు గంట ఉంది. జరిగింది జరిగినట్టు రాయి, నువ్వు పడుకున్నది కూడా వదలకు.”

రాశాను. మూడు చోట్ల పాఠకులకు క్షమాపణ చెప్పాను, రెండు కోసేశాడు. మిగతాది ముట్టుకోలేదు. తర్వాత సొరుగులోంచి ఉత్తరం తీసి సంతకం పెట్టి నా చేతిలో పెడుతూ, “ఆదివారం ఆ దయ్యం సినిమాకు వెళ్ళు. లోపలికి” అన్నాడు. నేను ఆయన కాళ్ళమీద పడబోయి, బల్ల అడ్డంగా ఉండి ఆగిపోయాను.

మెట్లు దిగుతూ మా నాన్నకు ఫోన్ చేశాను. ఆయన గట్టిగా సంతోషించలేదు, ఆయన పద్ధతి అది. “సద్దు లేని తావులో నిదరపోయినావని నిన్ననే మీ పెద్దమ్మ చెప్పె. అప్పుడే తెలిసె, ఇంక నువ్వు మగ్గానికి రావని. పొద్దునే దానికి మనిషిని మాట్లాడినా” అన్నాడు. తర్వాత, “తిన్నావా?” అన్నాడు. ఉత్తరం వస్తుందని నాకంటే ఒక పూట ముందే నమ్మిన మనిషి ఆయనొక్కడే.

సాయంత్రం ఊరికి బస్సెక్కాను. కిటికీ పక్కన కూర్చుని ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, జేబులో పెట్టి, మళ్ళీ తీసి చదివాను. ఆ తర్వాతిది గుర్తులేదు. మా స్టాపు దాటిపోయి ఆఖరి స్టాపులో కండక్టర్ లేపితే గాని తెలియలేదు, వెనక్కి మూడు మైళ్ళు నడిచాను. ఇప్పటికీ ఆ దారిలో బస్సులో వెళ్తుంటే, జేబు మీద చెయ్యి వేసుకుని నోరు తెరుచుకుని నిద్రపోతున్న ఆనాటి ఆ కుర్రాడు ఏదో ఒక సీట్లో కనిపిస్తాడు. వాణ్ణి లేపాలనిపించదు. కండక్టర్ వస్తే చెయ్యి అడ్డం పెట్టి, “ఉండనీ అన్నా, పడుకోనీ. లేచాక ఈ ఉద్యోగంలో వీడు చూడాల్సిన దయ్యాల సినిమాలు చాలా ఉన్నాయి” అని చెప్పాలనిపిస్తుంది.